సూర్యుణ్ణి చూడటానికి గనిలోకి ఎందుకు దిగారు? పాపకి చెప్పాలి, కాస్త సాయం చేయండి

విశాఖ నాన్న · శనివారం, రాత్రి 9:10

అందరికీ నమస్కారం. మా పాప తొమ్మిదో తరగతి. స్కూల్లో సైన్స్ ఫెయిర్‌కి "సూర్యుడు" అని టాపిక్ ఇచ్చారు. థర్మాకోల్ బంతికి పసుపు రంగు వేసి పట్టుకెళ్లడం దానికి ఇష్టం లేదు. అమెరికాలో ఒకాయన బంగారు గని అడుగున, బట్టలు డ్రైక్లీనింగ్ చేసే ద్రవం ట్యాంకు నిండా పోసి, దానితో సూర్యుడి లోపల ఏం జరుగుతోందో చూశాడని ఎక్కడో చదివింది. అన్నం తింటూ మూడు ప్రశ్నలు వేసింది. సూర్యుణ్ణి చూడాలంటే మేడ ఎక్కాలి గానీ గనిలోకి దిగడమేంటి? డ్రైక్లీనింగ్ ద్రవంతో సూర్యుడికేం పని? రాత్రయితే ట్యాంకు కట్టేసి ఇంటికెళ్లిపోయేవాళ్లా?

నేను బీకాం చదివాను. నెట్‌లో చూస్తే అన్నీ ముక్కలు ముక్కలుగా ఉన్నాయి. తెలిసినవాళ్లు తెలుగులో చెబితే కూర్చోబెట్టి చదివి వినిపిస్తాను.

జూనియర్ కాలేజీ మాస్టారు · శనివారం, రాత్రి 9:48

మంచి ప్రశ్నలండీ. మొదటిది నేను చెబుతాను.

సూర్యుడి నడిమధ్యన నాలుగు హైడ్రోజన్ కేంద్రకాలు అంచెలంచెలుగా కలిసి ఒక హీలియం కేంద్రకం అవుతాయి. అలా అయినప్పుడల్లా న్యూట్రినోలు అనే కణాలు రెండు పుడతాయి. అక్కడే పుట్టిన శక్తి వెలుగుగా బయటపడటానికి వేల ఏళ్లు పడుతుంది. అడుగు ముందుకు వేస్తే ఏదో ఒక కణం తగులుతుంది, దారి మారుతుంది, మళ్లీ తగులుతుంది. న్యూట్రినోకి ఆ తిప్పలు లేవు. రెండు సెకన్ల పైచిలుకులో సూర్యుడి బయటికొచ్చేస్తుంది, 8 నిమిషాల 20 సెకన్లకి మన దగ్గరుంటుంది. ఈ పూట సూర్యుడి కడుపులో పొయ్యి ఎలా మండుతోందో నేరుగా చెప్పగలిగేది అదొక్కటే.

పాపని బొటనవేలి గోరు చూసుకోమనండి. అంత చోటులోంచి సెకనుకి దాదాపు 6,500 కోట్ల సూర్య న్యూట్రినోలు దూసుకుపోతున్నాయి. దేన్నీ తాకవు. ఎప్పుడో ఒక్కటి తాకుతుంది. దాన్ని పట్టుకోవాలంటే చుట్టూ నిశ్శబ్దంగా ఉండాలి. భూమి పైన అది కుదరదు. అంతరిక్షం నుంచి వచ్చే విశ్వకిరణాలు గాలిని ఢీకొట్టి పుట్టించే మ్యువాన్లు అనే కణాలు మన అరచేతిలోంచి నిమిషానికి సుమారు వంద పోతుంటాయి. ఆ గోలలో న్యూట్రినో అలికిడి వినపడదు.

అందుకే రాయి కిందికి వెళ్లాలి. కిలోమీటరు పైన మందం ఉన్న రాయి జల్లెడలా పనిచేస్తుంది. మ్యువాన్లు జల్లెడ మీద ఆగిపోతాయి, న్యూట్రినోలు కిందికి దిగుతాయి.

ల్యాబ్ అక్క · శనివారం, రాత్రి 11:05

రెండో ప్రశ్న నాకు వదిలేయండి. నేను హైదరాబాద్‌లో ఒక మందుల కంపెనీలో అనలిటికల్ కెమిస్ట్‌ని, పద్దెనిమిదేళ్లుగా ఇదే పని. పాప చదివిన ఆ ఒకాయన పేరు రే డేవిస్. ఆయన గురించి మొదటిసారి చదివిన రోజు నాకు నిద్ర పట్టలేదు. ఆయన ఫిజిక్స్‌లో నోబెల్ తీసుకున్న కెమిస్ట్. మా పని విలువ తెలియాలంటే ఆయన పని చూడాలి.

గని పేరు హోమ్‌స్టేక్, సౌత్ డకోటా రాష్ట్రం. లోతు 1,478 మీటర్లు. అక్కడ 615 టన్నుల పెర్‌క్లోరోఇథిలీన్ ఉన్న ట్యాంకు. డ్రైక్లీనింగ్ షాపుల్లో మరకలు తీసేది అదే. అదే ఎందుకంటే అందులో ఒక్కో అణువుకి నాలుగు క్లోరిన్ పరమాణువులుంటాయి, పైగా టన్నుల్లో చవగ్గా దొరుకుతుంది. క్లోరిన్-37 కేంద్రకాన్ని న్యూట్రినో తాకితే అది ఆర్గాన్-37 అవుతుంది. ఆర్గాన్ దేనితోనూ కలవని వాయువు కాబట్టి ద్రవంలో విడిగా తిరుగుతుంటుంది, బయటికి లాగొచ్చు. బ్రూనో పాంటెకోర్వో 1946లోనే ఈ ఉపాయం చెప్పారు. చేసి చూపించింది డేవిస్.

ఇప్పుడు అసలు సంగతి. ఆ ట్యాంకులో క్లోరిన్-37 పరమాణువులు ఎన్నంటే, 2 రాసి పక్కన 30 సున్నాలు పెట్టాలి. వాటిలో రెండు రోజులకి ఒక్కటి, ఒకే ఒక్కటి, ఆర్గాన్‌గా మారేది. నెల, రెండు నెలలు ఆగి ట్యాంకులోకి హీలియం వాయువు పంపేవారు. అది ఆర్గాన్‌ని వెంటబెట్టుకుని బయటికొస్తుంది. ద్రవ నైట్రోజన్‌తో చల్లబరిచిన బొగ్గు మీదుగా పంపితే ఆర్గాన్ బొగ్గుకి అంటుకుంటుంది, హీలియం వెళ్లిపోతుంది. తర్వాత బొగ్గుని వేడి చేసి, ఆ వాయువుని శుభ్రం చేసి, చిటికెన వేలంత కౌంటర్‌లో నింపి, ఒక్కొక్క పరమాణువు క్షీణించేదాకా నెలల తరబడి కాచుకోవాలి. ఆర్గాన్-37 అర్ధాయువు, అంటే ఉన్నవాటిలో సగం క్షీణించడానికి పట్టే కాలం, 35 రోజులు. ఒక్కో విడతకి చేతికొచ్చేవి పదిహేనో ఇరవయ్యో పరమాణువులు.

మా ల్యాబులో పది లక్షల్లో ఒక వంతు మలినం పట్టుకుంటే శభాష్ అంటారు. ఈయన రైల్వే ట్యాంకర్లు ఓ పది ఖాళీ చేస్తే నిండే ట్యాంకులోంచి పదిహేను పరమాణువులు ఏరి తెచ్చాడు.

నమ్మాలంటే లెక్క చెప్పు · ఆదివారం, ఉదయం 7:20

మేడమ్, మీ మీద గౌరవంతోనే అడుగుతున్నా. పదిహేను వచ్చాయి సరే, అసలు అక్కడ నలభై ఉండి ఇరవై ఐదు ట్యాంకులోనే ఉండిపోలేదని గ్యారంటీ ఏంటి? నాకు తెలిసి ఆయనకి రావాల్సినన్ని రాలేదు, మూడో వంతే వచ్చాయి. ఇలాంటప్పుడు మనమైతే ముందు కొలిచినవాణ్ణే అనుమానిస్తాం కదా.

ల్యాబ్ అక్క · ఆదివారం, ఉదయం 8:02

ప్రపంచమంతా ఆయన్ని అడిగిన ప్రశ్న ఇదే. నన్ను కూడా ఆడిటర్లు ఏడాదికి రెండుసార్లు ఇదే అడుగుతారు: రికవరీ ఎంత?

డేవిస్ ప్రతి విడత మొదట్లో ట్యాంకులోకి కొలిచి కొంచెం మామూలు ఆర్గాన్ వదిలేవాడు, రేడియోధార్మికత లేనిది. చివర్లో అదెంత తిరిగొచ్చిందో చూసేవాడు. దాదాపు 95 శాతం వచ్చేది. అది వస్తే దానితో పాటు ఆర్గాన్-37 కూడా వచ్చినట్టే, రెండిటి రసాయన గుణం ఒకటే కాబట్టి. ఎవరు ఏ అనుమానం చెప్పినా కోపగించుకోకుండా దానికో పరీక్ష పెట్టి చూసేవాడట. ఆ ఓపికకి దండం పెట్టాలి.

1968లో మొదటి ఫలితం చెప్పాడు. 1970 నుంచి 1994 దాకా లెక్కపెడుతూనే ఉన్నాడు. జవాబు మారలేదు. లెక్క ప్రకారం రావాల్సింది సూర్య న్యూట్రినోల కొలతలో సుమారు 8 యూనిట్లు, వచ్చింది 2.56. పాతికేళ్ల పాటు ఒకే మాట మీద నిలబడటం అంటే ఏంటో కాస్త ఊహించుకోండి.

జూనియర్ కాలేజీ మాస్టారు · ఆదివారం, ఉదయం 9:15

మేడమ్ చెప్పినదానికి ఒకటి కలుపుతాను. అవతలి వైపున్న జాన్ బాకాల్‌ని మర్చిపోకూడదు. సూర్యుడి నుంచి ఎన్ని న్యూట్రినోలు రావాలో లెక్క కట్టిన సిద్ధాంతవేత్త ఆయన. డేవిస్ తప్పు కాకపోతే బాకాల్ తప్పు అయ్యుండాలి, అందరూ అనుకున్నది ఇదే. డేవిస్ ట్యాంకు ఎక్కువగా పట్టేది సూర్యుడిలో పుట్టే బోరాన్-8 అనే కేంద్రకం నుంచి వచ్చే న్యూట్రినోల్ని. వాటి సంఖ్య సూర్యుడి మధ్యనున్న వేడి మీద విపరీతంగా ఆధారపడుతుంది, సుమారు ఉష్ణోగ్రతకి 25వ ఘాతం అంటారు. అంటే ఉష్ణోగ్రత లెక్క నాలుగైదు శాతం తప్పినా చాలు, మూడో వంతు కథ సరిపోతుంది. బాకాల్ ఎంత టెన్షన్ పడి ఉంటాడో!

కానీ 90ల్లో సూర్యుడి ఉపరితలం మీద అలల్ని కొలిచి లోపల ధ్వని ఎంత వేగంతో పోతోందో పట్టారు. అది బాకాల్ నమూనాతో వెయ్యిలో ఒకటి రెండు వంతుల తేడాలోపే సరిపోయింది. సూర్యుడి లెక్క తప్పు కాదని తేలింది. డేవిస్ లెక్కా తప్పు కాదు. మరి మిగతా న్యూట్రినోలు ఏమయ్యాయి?

విశాఖ నాన్న · ఆదివారం, ఉదయం 10:30

చదివి వినిపిస్తుంటే పాప మధ్యలో ఆపి "ఇద్దరూ కరెక్టే అయితే న్యూట్రినోలే అబద్ధం ఆడుతున్నాయా?" అంది.

మణుగూరు · ఆదివారం, మధ్యాహ్నం 1:40

అమ్మాయి దాదాపు పట్టేసింది సార్. ఆ జవాబు కెనడా గనిలో దొరికింది. అందులో మా ఊరికి తెలిసిన సరుకు ఒకటుంది, అదే భారజలం. మా పక్కనే అశ్వాపురంలో భారజల కర్మాగారం ఉంది. అక్కడ హైడ్రోజన్ సల్ఫైడ్ వాయువుతో మామూలు నీటిలోంచి భారజలాన్ని వేరు చేస్తారు. మామూలు నీటిలో హైడ్రోజన్ పరమాణువులు ఏడు వేలు ఉంటే అందులో ఒకటి బరువుది. దాన్ని ఏరి ఏరి కూడబెట్టాలి. అందుకే అది బంగారం లాంటి సరుకు.

సడ్‌బరీ అనే ఊళ్లో నికెల్ గని, రెండు కిలోమీటర్ల పైన లోతు. అక్కడ 12 మీటర్ల వెడల్పున్న పారదర్శక యాక్రిలిక్ గోళంలో 1,000 టన్నుల భారజలం పోశారు. విలువ 30 కోట్ల కెనడియన్ డాలర్లు. కొనలేదు, వాళ్ల అణువిద్యుత్ సంస్థ దగ్గర అరువు తెచ్చుకున్నారు! పనయ్యాక తిరిగి ఇచ్చేశారు.

నాదొక ప్రశ్న. నేను సింగరేణిలో ఇరవై రెండేళ్లు అండర్‌గ్రౌండ్‌లో చేశాను. షిఫ్ట్ దిగి అరగంట కాకముందే ముక్కు లోపల, చెవి మడతల్లో, వేళ్ల సందుల్లో నలుపు. ఇంటికొచ్చి రెండుసార్లు సబ్బు రుద్దినా దిండు గలీబు మీద మరక పడేది. పని జరుగుతున్న గని మధ్యలో అంత శుభ్రమైన ల్యాబ్ ఎలా నడిపారు?

జూనియర్ కాలేజీ మాస్టారు · ఆదివారం, మధ్యాహ్నం 3:10

అన్నగారూ, మీరు అడగాల్సిన ప్రశ్నే అడిగారు. గని రాతి దుమ్ములో యురేనియం, థోరియం కొద్దిగా ఉంటాయి. ఆ దుమ్ము డిటెక్టర్ నీళ్లలో కలిస్తే దాని రేడియోధార్మికత న్యూట్రినో సంకేతాన్ని మింగేస్తుంది. అందుకే సడ్‌బరీలో శాస్త్రవేత్తలు గని కార్మికులతో పాటే కేజ్‌లో, అంటే గని లిఫ్టులో దిగి, సొరంగంలో కిలోమీటరు పైగా నడిచి, ల్యాబ్ గుమ్మం దగ్గర బట్టలన్నీ విప్పేసి స్నానం చేసి, లోపలే ఉతికిన బట్టలు వేసుకుని వెళ్లేవాళ్లు. ఎవరైనా సరే, రోజూ అంతే. సామాన్లు కూడా కడిగాకే లోపలికి.

ఇక భారజలం మహిమ. మామూలు పరికరాలు ఎలక్ట్రాన్ రకం న్యూట్రినోల్నే పట్టేవి. న్యూట్రినోలు మూడు రకాలు: ఎలక్ట్రాన్, మ్యువాన్, టౌ. సూర్యుడిలో పుట్టేవన్నీ ఎలక్ట్రాన్ రకమే. భారజలంలో ఒక చర్య ఎలక్ట్రాన్ రకాన్ని మాత్రమే లెక్కపెడుతుంది. ఇంకో చర్యలో ఏ రకం న్యూట్రినో తగిలినా డ్యుటీరియం (అదే ఆ బరువు హైడ్రోజన్) కేంద్రకం పగిలి న్యూట్రాన్ బయటపడుతుంది, అంటే మొత్తం లెక్క. అదే నీళ్లలో రెండు లెక్కలూ పక్కపక్కన దొరుకుతాయి. ఈ ఆలోచన 1984లో హెర్బ్ చెన్ అనే ఆయనది. 1987లోనే లుకేమియాతో పోయారు, ఫలితం చూడలేదు.

2002 ఏప్రిల్‌లో వచ్చిన జవాబు ఇది. చదరపు సెంటీమీటరుకి సెకనుకి బోరాన్-8 న్యూట్రినోలు: ఎలక్ట్రాన్ రకం దాదాపు 17.6 లక్షలు, అన్ని రకాలూ కలిపి 50.9 లక్షలు. సూర్యుడి నమూనా చెప్పినది 50.5 లక్షలు. ఆ మూడు అంకెల్ని మా క్లాసులో బోర్డు మీద రాసి ఏమీ మాట్లాడకుండా నిలబడతాను ప్రతి ఏడూ. రెండు నిమిషాల్లో ఎవరో ఒక పిల్ల "సార్, మారిపోయాయి" అంటుంది.

అవును, దారిలో రకం మారిపోయాయి. మారాలంటే వాటికి ఎంతో కొంత ద్రవ్యరాశి ఉండాలి, మేం చదువుకున్న రోజుల్లో లేదనే చెప్పేవాళ్లు. ఆ 2002 చివర్లోనే డేవిస్‌కి నోబెల్ వచ్చింది, 88 ఏళ్ల వయసులో. సడ్‌బరీ నాయకుడు ఆర్థర్ మెక్‌డోనాల్డ్‌కి, జపాన్ శాస్త్రవేత్త తకాకి కజిటాకి 2015లో.

నమ్మాలంటే లెక్క చెప్పు · ఆదివారం, సాయంత్రం 6:00

ఇది ఒప్పుకుంటాను, బాగుంది. కానీ ఇంకో చిక్కు. క్లోరిన్‌కి బదులు గాలియం అనే లోహంతో చేసిన ప్రయోగాల్లో, ఇటలీ గ్రాన్ సాసోలోనూ రష్యా బక్సాన్‌లోనూ, సగానికి పైనే వచ్చాయి. సడ్‌బరీలో మూడో వంతు. మారిపోవడం నిజమైతే అన్నిచోట్లా ఒకే వంతు ఎందుకు రాలేదు?

జూనియర్ కాలేజీ మాస్టారు · ఆదివారం, సాయంత్రం 6:45

శక్తిని బట్టి మారుతుంది. గాలియం చిన్న శక్తి న్యూట్రినోల్ని కూడా పట్టగలదు, సూర్యుడు ఎక్కువగా పంపేవి అవే. అవి సగానికి పైగా ఎలక్ట్రాన్ రకంగానే మనకి చేరతాయి. పెద్ద శక్తి ఉన్న బోరాన్-8 న్యూట్రినోలు సూర్యుడి లోపలి దట్టమైన పదార్థం దాటేటప్పుడే ఎక్కువగా మారిపోతాయి. వోల్ఫెన్‌స్టైన్, మిఖేయెవ్, స్మిర్నోవ్ ముగ్గురూ తేల్చిన విషయం ఇది.

ఒక్కటి మాత్రం దాచకుండా చెబుతాను. గాలియం ట్యాంకుల్ని పరీక్షించడానికి క్రోమియం-51తో చేసిన కృత్రిమ న్యూట్రినో మూలం పెట్టి చూశారు. బక్సాన్‌లో 2019లో మళ్లీ పెద్ద ఎత్తున చేస్తే లెక్క కన్నా ఇరవై శాతం పైగా తక్కువ వచ్చింది. కారణం ఇంకా తేలలేదు.

కోలార్ బిడ్డ · ఆదివారం, రాత్రి 10:20

ఇంతసేపూ చదువుతూ కూర్చున్నాను. కోలార్ బంగారు గనుల పేరు ఎవరూ ఎత్తకపోతే ఉండలేక రాస్తున్నా. మాది కుప్పం దగ్గర పల్లె. మా తాత మారికుప్పం లైన్లలో ఉండి ఛాంపియన్ రీఫ్ గనిలో పనిచేశాడు. తమిళం, కన్నడం, తెలుగు కలిపి మాట్లాడేవాడు. గని అడుగున రాయి చేత్తో ముట్టుకుంటే చురుక్కుమనేదని, చెప్పు లోపల చెమట నీళ్లలా చప్పుడు చేసేదని చెప్పేవాడు.

ఆ గనిలోనే 2.3 కిలోమీటర్ల లోతులో టాటా ఇన్‌స్టిట్యూట్, జపాన్ ఒసాకా సిటీ యూనివర్సిటీ, ఇంగ్లండ్ డర్హమ్ యూనివర్సిటీ కలిసి పరికరాలు పెట్టాయి. ఎం.జి.కె. మీనన్, బి.వి. శ్రీకంఠన్ లాంటి పెద్దలు చేసిన పని. అంతకుముందు ఇంకా లోతులో మ్యువాన్ల కోసం రెండు నెలలు కాచుకుంటే ఒక్కటీ పడలేదట. అంత నిశ్శబ్దం ఉన్న చోటు న్యూట్రినోకి సరిపోతుందని వాళ్లకి అర్థమైంది. అంత లోతులో పక్క నుంచి, అడ్డంగా వచ్చే మ్యువాన్ కనిపిస్తే అది పైనుంచి వచ్చింది కాదు, చుట్టూ ఉన్న రాతిలో న్యూట్రినో పుట్టించిందే. 1965లో వాతావరణంలో పుట్టిన న్యూట్రినోల్ని అలా పట్టుకున్నారు. అదే ఏడాది దక్షిణాఫ్రికా బంగారు గనిలో రైనెస్ బృందం కూడా పట్టుకుంది. కాగితం మీద మన వాళ్లదే ముందు అచ్చయింది, రెండు వారాల తేడాతో.

ఇవి సూర్యుడివి కావు, ఆ తేడా నాకు తెలుసు. కానీ పాప చార్టులో కోలార్‌కి ఒక మూల చోటివ్వండి. 2001 ఫిబ్రవరిలో గని మూసేశారు. ఇప్పుడు అక్కడ రైలు దిగితే ముందు కనిపించేది సైనైడ్ మట్టి గుట్టలే. గాలి వీస్తే ఇళ్ల మీదికి ఆ దుమ్మే వస్తుంది.

డకోటా దారి · సోమవారం, ఉదయం 6:15

నేను ఒమాహాలో ఉంటాను. పోయిన వేసవిలో కుటుంబంతో హోమ్‌స్టేక్ ఉన్న ఊరు వెళ్లాం. ఊరి పేరు లీడ్. ఊరి మధ్యలోనే పెద్ద గొయ్యి, పాత గని పైభాగం. మామూలు జనాన్ని కిందికి పంపరు, పైన సందర్శకుల కేంద్రం వరకే. డేవిస్ ట్యాంకు ఉన్న గుహలో ఇప్పుడు కంటికి కనిపించని కృష్ణ పదార్థాన్ని (డార్క్ మ్యాటర్) వెతికే ప్రయోగం నడుస్తోంది, ఆ చోటుకి ఆయన పేరే పెట్టారు. పక్కనే కొత్తగా తవ్విన గుహల్లో ద్రవ ఆర్గాన్ నింపి, 1,300 కిలోమీటర్ల దూరం నుంచి భూమి గుండా పంపే న్యూట్రినోల్ని చూడబోతున్నారు. ఆనాడు ఆర్గాన్ పరమాణువులు ఏరిన చోటే ఇప్పుడు వేల టన్నుల ఆర్గాన్!

ట్యాంకు చుట్టూ రక్షణగా నీళ్లు నింపినప్పుడు డేవిస్ అందులో ఈత కొడుతున్న ఫొటో ఒకటుంది, 1971ది. పాపకి అది చూపించండి.

కోలార్ బిడ్డ · సోమవారం, ఉదయం 7:00

అన్నా, అక్కడ గని మూసేస్తే ల్యాబ్ వచ్చింది. మా దగ్గర మూసేస్తే నీళ్లు నిండిపోయాయి. తమిళనాడు తేని దగ్గర కొండలో కట్టాలనుకున్న న్యూట్రినో ల్యాబ్ కూడా ఆగిపోయింది. అక్కడి జనం కొండ గురించి, నీళ్ల గురించి పడ్డ భయాన్ని నేను తీసిపారేయను. వాళ్లకి మొదటి రోజు నుంచే కూర్చోబెట్టి, వాళ్ల భాషలో, ఈ థ్రెడ్‌లో చెప్పినంత నెమ్మదిగా చెప్పి ఉండాల్సింది.

విశాఖ నాన్న · సోమవారం, రాత్రి 8:40

అందరికీ ఎలా థ్యాంక్స్ చెప్పాలో తెలియట్లేదు. కోలార్‌కి చార్టులో పై వరసలో చోటిచ్చింది. మూడో ప్రశ్న మాత్రం మిగిలిపోయింది, రాత్రి సంగతి.

జూనియర్ కాలేజీ మాస్టారు · సోమవారం, రాత్రి 9:05

రాత్రి కూడా వస్తాయండీ, ఆగవు. సూర్యుడు భూమికి అవతల ఉంటాడు కాబట్టి అవి నేల కింద నుంచి, మన అరికాళ్లలోంచి పైకి వస్తాయి. జపాన్‌లో కిలోమీటరు లోతున సూపర్ కామియోకాండే అనే న్యూట్రినో డిటెక్టర్ ఉంది, 50,000 టన్నుల స్వచ్ఛమైన నీళ్లు, గోడల నిండా అరమీటరు వెడల్పు గాజు బల్బుల్లాంటి కళ్లు పదకొండు వేలకి పైగా. న్యూట్రినో తగిలిన ఎలక్ట్రాన్ నీళ్లలో వెలుగు పోయే వేగాన్ని మించి పరుగెత్తి నీలి మెరుపు విడుస్తుంది. ఆ మెరుపు ఏ వైపు ఉందో చూస్తే సూర్యుడు ఏ వైపు ఉన్నాడో తెలుస్తుంది. అలా రాత్రింబగళ్లు పోగుచేసి, న్యూట్రినోలతో సూర్యుడి బొమ్మ గీశారు. రాత్రి వచ్చేవి పగటి కన్నా మూడు శాతం ఎక్కువ ఉన్నట్టు కూడా కనిపించింది. భూమి గుండా వచ్చేటప్పుడు కొన్ని తిరిగి ఎలక్ట్రాన్ రకంగా మారతాయి.

విశాఖ నాన్న · సోమవారం, రాత్రి 9:50

ఇప్పుడే చదివి వినిపించాను. చెప్పులు విప్పి గచ్చు మీద నిలబడి కాసేపు పాదాలు చూసుకుంది. తర్వాత ఇంకో ప్రశ్న, ఇది ల్యాబ్ మేడమ్‌కట. "ఆయన అంత కష్టపడి ఏరిన ఆర్గాన్ పరమాణువులు ఇప్పుడు ఎక్కడ దాచారు? మ్యూజియంలోనా?"

ల్యాబ్ అక్క · సోమవారం, రాత్రి 10:15

ఎక్కడా లేవు తల్లీ. ఆర్గాన్-37 క్షీణిస్తే మళ్లీ క్లోరిన్-37 అవుతుంది, న్యూట్రినో తాకకముందు ఏదో అదే. అలా వెనక్కి మారే క్షణంలో వచ్చే చిన్న విద్యుత్ పల్స్‌నే డేవిస్ కౌంటర్‌లో లెక్కపెట్టింది. ఒక పరమాణువుని లెక్కపెట్టాడంటే అప్పటికది ఆర్గాన్‌గా లేదన్నమాట. చార్టులో ఒక బాణం క్లోరిన్ నుంచి ఆర్గాన్‌కి, ఇంకో బాణం ఆర్గాన్ నుంచి క్లోరిన్‌కి గీయి. రెండో బాణం పక్కన "35 రోజులు" అని రాయి.